ఊరికే ఉన్న నరం

మా అన్న మొదటిసారి మంచం మీద నుంచి లేవలేకపోయింది ఒక ఉగాది మర్నాడు. డెబ్భైల నడుమ సంగతి. ఆయనకప్పుడు పంతొమ్మిదేళ్లు, నేను ఇంటర్ చదువుతున్నాను. ఎమ్మిగనూరులో మా ఇంట్లో రెండు గుంత మగ్గాలుండేవి. ఒకదాని మీద నాయిన నేసేవాడు, రెండోదాని మీద అన్న. అమ్మా నేనూ నూలు కండెలు చుట్టేవాళ్లం. అన్న ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాడు. ఇద్దరూ బడికి పోతే ఒక మగ్గం పడావు పడుతుందని నాయిన అన్నప్పుడు, "పాప సదువుకోనీలే నాయినా, దానికి బాగా వస్తాది" అని ఆయనే గుంతలోకి దిగాడు. ఆ మాట నాయిన తర్వాత అందరికీ చెప్పుకునేవాడు. నా చదువు గురించి ఎవరు అడిగినా చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు.

ఆ ఉగాదికి అన్న బెల్లం పూర్ణం పెట్టిన భక్షాలు బాగా తిన్నాడు. తెల్లారి నాయిన పిలిస్తే పలికాడు గానీ లేవలేదు.

"కాళ్లు రావడం లేదు నాయినా" అన్నాడు.

నాయిన నవ్వాడు. తర్వాత దుప్పటి లాగి చూశాడు. కాళ్లు మామూలుగానే ఉన్నాయి. గిల్లితే నొప్పి తెలుస్తోంది. ఎత్తమంటే మాత్రం వేలు కూడా కదలడం లేదు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి బొటనవేళ్లు కదిలాయి, పొద్దు వాలేసరికి అన్న లేచి గుంతలో కూర్చొని నేశాడు. దాంతో అందరం ఆ సంగతి వదిలేశాం.

తర్వాత రెండు మూడు నెలలకోసారి అట్లాగే అయ్యేది. ఎప్పుడూ పొద్దున లేచేటప్పుడే. ముందురోజు పండగ భోజనమో, పెళ్లి భోజనమో, లేదా గడువు దగ్గర పడిందని పగలంతా విపరీతంగా నేయడమో జరిగి ఉండేది. అయితే ఆ లెక్క మాకెవరికీ తట్టలేదు. సాయంత్రానికి తగ్గిపోయే జబ్బుకు ఆసుపత్రికి ఎవరు పోతారు? వీధిలో కొందరు తాగుడన్నారు. అన్న తాగడు. కొందరు గాలి సోకిందన్నారు. అమ్మ మంత్రాలయం తీసుకుపోయి తుంగభద్రలో స్నానం చేయించింది, ఆదోనిలో దర్గా దగ్గర తాయెత్తు కట్టించింది. నాయిన మాత్రం సోమరితనమనే అనుకున్నాడు. నేనూ, పైకి అనకపోయినా, కొంతవరకు అట్లాగే అనుకున్నాను.

నేను ఆదోనిలో బి.ఎస్సీ.లో చేరాను. జువాలజీ నా మెయిన్. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం బస్సుకు వచ్చేదాన్ని. మా జువాలజీ సారు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. మెల్లగా చెప్పేవాడు, చెప్పింది అర్థమయ్యేదాకా వదిలేవాడు కాదు. రెండో సంవత్సరంలో ఒకరోజు బల్ల మీద కప్ప కాలి కండరం, దానికి అంటిన తెల్లటి నరం పెట్టి, నరానికి కరెంటు తాకించి చూపించాడు. కండరం ఎగిరి పడింది. ఆడపిల్లలం వెనక్కి జరిగాం.

"ఎగిరినప్పుడు అందరూ చూస్తారు. ఎగరకముందు ఏం జరుగుతోందో చెప్పండి" అన్నాడు సారు.

"ఏమీ లేదు సార్, ఊరికే ఉంటుంది" అన్నాడు ఎవరో.

"ఊరికే ఉండటమే కష్టం" అని ఆయన నల్లబల్ల మీద నరకణం గోడ గీశాడు. గోడకు లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. గోడలో సన్నటి దారులున్నాయి. నరం ఊరికే ఉన్నప్పుడు పొటాషియం పోయే దారులే ఎక్కువ తెరిచి ఉంటాయి. అది కొంచెం కొంచెంగా బయటికి జారుతుంది. పోతూ పోతూ తన ధనావేశాన్ని పట్టుకుపోతుంది కాబట్టి గోడకు లోపలి వైపు రుణావేశం మిగులుతుంది. ఆ రుణావేశం మళ్లీ పొటాషియంను వెనక్కి లాగుతుంది. బయటికి తోసేదీ లోపలికి లాగేదీ దాదాపు సరిపోయిన చోట చార్జి నిలబడుతుంది. డెబ్భై మిల్లీవోల్టులు, లోపల మైనస్. కానీ సోడియం కూడా సందు దొరికినప్పుడల్లా లోపలికి దూరుతూనే ఉంటుంది. వదిలేస్తే చార్జి కరిగిపోతుంది. అందుకని గోడలో ఒక పంపు పనిచేస్తుంది. మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. దానికి శక్తి కావాలి. మనం నిద్రపోతున్నా అది ఆగదు.

"ఈ చార్జి నిలబడి ఉంటేనే కబురు పోతుంది. ఇది లేకపోతే ఎంత కరెంటు తాకించినా మీ కప్ప కదలదు" అన్నాడు సారు.

నేను ఆ పాఠం మొత్తం ఇంగ్లీషులో బట్టీ పట్టాను. పరీక్షలో అదే వచ్చింది. బొమ్మ వేసి, బాణాలు గీసి రాశాను. ఆ పేపర్లో క్లాసులో నాకే ఎక్కువ వచ్చాయి.

ఇంట్లో అన్న నేస్తుంటే పక్కన కూర్చొని కండెలు చుడుతూ ఆ పాఠం చెప్పాను. ఆయనకు ఇట్లాంటివంటే ఇష్టం. పోగు పట్టుకొని అటూ ఇటూ పోయే నాడె ఆపి విన్నాడు.

"ఊరికే ఉన్నప్పుడు గూడా కర్చు అయితాదా?" అన్నాడు.

"అవునన్నా. ఎక్కువ కర్చు దానికే."

"ఆ పొటాషియం యాడనుంచి వస్తాది?"

"తిండిలోనుంచి."

తెగిన పోగు ఒకటి ముడివేశాడు. "గోడకు బయట ఉండేది తక్కువైపోతే? అప్పుడు నరం ఏం చేస్తాది?"

నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

"అది సిలబస్‌లో లేదులే అన్నా" అన్నాను.

ఆయన నవ్వి మళ్లీ గుంతలో కాళ్ల కింది పలకలు తొక్కడం మొదలుపెట్టాడు.

నేను డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉన్నప్పుడు అన్నకు గోనెగండ్లలో సంబంధం కుదిరింది. మేం పోయి పిల్లను చూసి, అక్కడే పప్పూ పాయసం, లడ్లు, భక్షాలు తిని వచ్చాం. మర్యాదకు వాళ్లు వడ్డిస్తూనే ఉన్నారు, అన్న వద్దనలేకపోయాడు. మర్నాడు పిల్ల నాయిన, ఇంకో ఇద్దరు పెద్దలు మా ఇల్లు, మగ్గాలు చూడటానికి వస్తామన్నారు. పదకొండు గంటలకు వస్తామని కబురు చేశారు.

ఆ పొద్దున అన్న లేవలేదు.

అమ్మ తల పట్టుకొని కూర్చుంది. నాయిన బయట వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను అన్న మంచం దగ్గరికి పోయాను. నిన్న పిల్లను చూసినప్పుడు ఆయన పెద్దగా ఏమీ మాట్లాడలేదు. నాకు అదే మనసులో ఉంది.

"నీకు ఈ సంబంధం ఇష్టం లేదా? ఇష్టం లేకుంటే నోటితో చెప్పు. ఇట్ల నటించేది ఎందుకు?" అన్నాను.

అన్న నా వైపు చూశాడు. "నటిస్తాండానా పాపా?" అని మాత్రం అన్నాడు.

నేను బయటికి వచ్చేశాను. మా వీధి చివర ఒక ఆర్‌ఎంపీ డాక్టరు ఉండేవాడు. ఇదివరకు ఎక్కడో కాంపౌండరుగా చేసి, మా పేటలో జ్వరాలకూ వాంతులకూ మందులిచ్చేవాడు. మంచివాడు. నేనే పోయి పిలుచుకొచ్చాను. ఆయన అన్న నాడి చూసి, కాళ్లు ఎత్తి చూసి, "సాయంత్రానికి లేస్తాడు గదమ్మా ఎప్పుడూ. ఉండనీ" అన్నాడు.

"పదకొండుకు వాళ్లు వస్తారు సార్. గ్లూకోజ్ ఎక్కించండి. ఇది నీరసమే. నేను సైన్సు చదివినదాన్నే గదా" అన్నాను.

"నీరసం మాదిరి లేదమ్మా."

"నీరసం కాకుంటే ఇంకేంది సార్? గ్లూకోజ్‌తో నష్టం ఏముంది?"

ఆయన లేచి తన ఇంటికి పోయాడు. గ్లూకోజ్ సీసా తెచ్చి, కిటికీ ఊచకు తాడుతో కట్టి, సూది గుచ్చాడు. అరగంటకు అన్న చేతులు కూడా ఆగిపోయాయి. అంతకుముందు ఎప్పుడూ చేతులకు రాలేదు. ఆర్‌ఎంపీ నా మొహం చూశాడు. నేను ఇంకో సీసా పెట్టమన్నాను. ఆ మాట అన్నది నేనే. నాకు ఈరోజుకీ ఆ మాట నా గొంతుతోనే వినపడుతుంది. భయం పుట్టినప్పుడు మనిషి తను పట్టుకున్నదాన్నే ఇంకా గట్టిగా పట్టుకుంటాడని ఆరోజు తెలిసింది.

రెండో సీసా సగం అయ్యేసరికి అన్న తల దిండు మీద నుంచి ఎత్తలేకపోయాడు. ఊపిరి చిన్నగా, పైపైన తీస్తున్నాడు. గొంతు సన్నబడిపోయింది. "పాపా, ఇది తీసెయ్. ఇది పోయే కొద్దీ ఎక్కువైతాంది" అన్నాడు. ఆర్‌ఎంపీ సూది లాగేశాడు. అదే సమయానికి వాకిట్లో కారు ఆగింది.

పిల్ల నాయిన లోపలికి వచ్చి మంచం మీది మనిషిని చూశాడు. ఏమైందని అడగలేదు. "కర్నూలుకు పోదాం, లేపండప్పా" అన్నాడు. ఆయన అద్దెకు మాట్లాడుకొని వచ్చిన కారులోనే అన్నను పడుకోబెట్టారు. తల నా ఒళ్లో, కాళ్లు నాయిన ఒళ్లో. కోడుమూరు దాటేదాకా నేను ఆయన ఊపిరినే లెక్కపెడుతూ కూర్చున్నాను. ఒకచోట దారి బాగాలేక కారు ఎగిరితే ఆయన తల పక్కకు వాలిపోయింది. దాన్ని మళ్లీ ఆయన అంతట ఆయన సరిచేసుకోలేడు. నేనే సరిచేశాను. నాయిన ఆయన కాళ్లు జారకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరు చిన్న వయసువాడు. మాటలతో మొదలుపెట్టాడు. ఎన్నేళ్లుగా వస్తోంది, ఎప్పుడు వస్తోంది, ముందురోజు ఏం తిన్నాడు, సాయంత్రానికి తగ్గుతుందా. ప్రతి ప్రశ్నకూ జవాబు మా దగ్గరే ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ ఆ ప్రశ్నలు అడగలేదు, అంతే. అన్న గుండెకు తీగలు పెట్టి కాగితం మీద గీతలు తీయించాడు. అది చూసి ఆయన మొహం మారింది.

"ఇక్కడికి వచ్చే ముందు ఏమైనా ఇచ్చారా?"

"గ్లూకోజ్ సార్. సీసా, సీసాన్నర" అన్నాడు నాయిన.

"ఎవరు పెట్టమన్నారు?"

నాయిన నా వైపు చూశాడు. ఆయన ఆ పొద్దున వాకిట్లోనే ఉన్నాడు, లోపలి మాటలు వినలేదు. అన్న బల్ల మీద కళ్లు తెరుచుకునే ఉన్నాడు.

"మా వీధి ఆర్‌ఎంపీ సార్" అన్నాను నేను.

డాక్టరు ఆ మనిషిని తిట్టాడు. ప్రాణం పోయేదన్నాడు. నేను తల వంచుకొని నిలబడ్డాను. అన్న నన్ను చూస్తున్నాడని తెలుసు, తలెత్తలేదు.

అన్న మింగగలడో లేదో చూసి, పొటాషియం ఉప్పు నీళ్లలో కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా తాగించారు. మధ్య మధ్యలో గుండె గీతలు తీశారు. సాయంత్రం నాలుగింటికి కుడిచేతి చూపుడువేలు కదిలింది. ఊపిరి లోతుగా తీయడం మొదలుపెట్టాడు. నాయిన వరండాలోకి పోయి గోడకు తిరిగి ఏడ్చాడు.

డాక్టరు నాకు విడమర్చి చెప్పాడు. తీపీ పిండీ ఎక్కువ తిన్నప్పుడు, గ్లూకోజ్ ఎక్కించినప్పుడు, ఒంట్లో ఇన్సులిన్ పెరిగి రక్తంలోని పొటాషియంను కండరాల లోపలికి తోస్తుంది. మామూలు మనిషి తట్టుకుంటాడు. ఈయనకు పుట్టుకతోనే కండరపు గోడలో లోపం ఉంది. బయట పొటాషియం తక్కువైతే ఆ గోడ మీద నిలబడాల్సిన చార్జి తప్పిపోతుంది. నరం బాగానే ఉంది, నరం కబురు పంపుతూనే ఉంది. కండరం అందుకోలేకపోతోంది.

"నువ్వేం చదువుతున్నావమ్మా?" అని అడిగాడు.

"బి.ఎస్సీ. జువాలజీ సార్."

"అయితే నరానికీ కండరానికీ ఊరికే ఉన్నప్పుడు చార్జి ఎట్లా నిలబడుతుందో చదివే ఉంటావు" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు, నన్ను తప్పుపట్టలేదు. పరీక్ష పేపరు మీద నేను గీసిన బాణాలు అన్నీ నాకు గుర్తున్నాయి. లోపలికి రెండు, బయటికి మూడు.

నాలుగో రోజు ఇంటికి వచ్చాం. మర్నాడే నాయిన ఆర్‌ఎంపీ ఇంటి ముందుకు పోయి వీధి మొత్తం వినేటట్టు అరిచాడు. నేను వెనకాలే పోయి మూల మీద నిలబడ్డాను.

"నేను వద్దన్నానప్పా. నీ బిడ్డే పెట్టమన్నది. రెండోదీ ఆయమ్మే పెట్టమన్నది" అన్నాడు ఆయన.

"నా బిడ్డ సదువుకున్నది. అట్లాంటి మాట అనదు. నీ తప్పు ఆడపిల్ల మీద ఏస్తావా?" అన్నాడు నాయిన.

ఆర్‌ఎంపీ తలెత్తి నన్ను చూశాడు. నేను నోరు తెరవడానికి ఆయన ఇచ్చిన సమయం చాలా ఎక్కువే. నేను తెరవలేదు. ఇంటికి వచ్చి కండెలు చుట్టడానికి కూర్చున్నాను.

ఆ తర్వాత ఆయన దగ్గరికి పోయేవాళ్లు తగ్గిపోయారు. పండగల ముందు ఇల్లు ఖాళీ చేసి, భార్యాపిల్లలతో హాలహర్వి వైపు వెళ్లిపోయాడని విన్నాం. గోనెగండ్ల సంబంధం కూడా నిలవలేదు. అన్నే స్వయంగా బస్సెక్కి పోయి, ఈ జబ్బు పిల్లలకు రావచ్చని డాక్టరు చెప్పిన సంగతి పిల్ల నాయినకు చెప్పి వచ్చాడు. ఆయన ఆలోచిస్తామన్నాడు, తర్వాత కబురు రాలేదు. అన్న మళ్లీ ఏ సంబంధమూ చూడనివ్వలేదు. తీపి మానేశాడు, పెళ్లిభోజనాలకు పోవడం మానేశాడు, ఉప్పుమందు సీసా దగ్గర పెట్టుకొని మగ్గం నేసుకున్నాడు. జబ్బు రావడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

నేను తిరుపతిలో ఎం.ఎస్సీ. చేసి ఆదోనికే లెక్చరరుగా వచ్చాను. ఎనభైలు సగానికి వచ్చాయి. ఏటా ఆ పాఠం నేనే చెప్పాల్సి వచ్చేది. మిగతా పాఠాలన్నీ ధారాళంగా చెప్పేదాన్ని. దీనికి వచ్చేసరికి రాసుకున్న నోట్సు చూసి చదివేదాన్ని. గోడకు బయట పొటాషియం తక్కువైతే ఏమవుతుందని ఏ పిల్లా అడగకపోయినా నేనే చెప్పేదాన్ని. ఒక ఏడాది ఆ పాఠం చెప్పిన మర్నాడు సెలవు పెట్టి, హాలహర్వి బస్సెక్కాను.

ఆయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ముందు గదిలో బెంచీ, అలమరలో మందులు, వాకిట్లో ఇద్దరు ముసలివాళ్లు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. ముసలివాళ్లను పంపించి లోపల కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను.

"సార్, ఆపొద్దు గ్లూకోజ్ పెట్టమన్నది నేను. కర్నూలులో అబద్ధం చెప్పినాను. మా నాయిన మీ ఇంటి ముందర అరుస్తాంటే సూస్తా నిలబడినాను."

ఆయన బెంచీ నా వైపు జరిపాడు. "మీ అన్న వచ్చి చెప్పినాడు గదమ్మా" అన్నాడు.

"ఎప్పుడు?"

"మేము ఈడికి వచ్చిన నెలలోనే. తప్పు మా ఇంటిదే సార్ అన్నాడు. మళ్లీ ఎమ్మిగనూరుకు రమ్మన్నాడు. నేను పోలేదు. మీ నాయినతో చెప్తానన్నాడు, నేనే వద్దన్నా. ఆయమ్మే చెప్పల్ల గానీ నువ్వు చెప్తే ఏం లాభమప్పా అన్నా." అలమర తలుపు మూస్తూ, "రెండో సీసా పెట్టింది మాత్రం నా చేతులే గదమ్మా. తెలియదని చెప్పి నేను లేచి పోయింటే సరిపోతాండె" అన్నాడు.

నన్ను క్షమించానని ఆయన అనలేదు. మజ్జిగ ఇచ్చాడు, తాగి వచ్చేశాను.

ఎమ్మిగనూరులో దిగి నేరుగా ఇంటికి పోయాను. అన్న గుంతలో ఉన్నాడు.

"హాలహర్వికి పోయింటివని నాకెందుకు చెప్పలేదన్నా?" అని అడిగాను.

నాడె ఆపలేదు. "నాయినకు తెలిస్తే నీ సదువు మాన్పిస్తాడని ఆపొద్దు భయం. తర్వాత నువ్వే చెప్తావని చూస్తాంటి" అన్నాడు. "చానా ఏండ్లే చూసినాలే."

అందులో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

నాయిన మగ్గం గుంతలోనుంచి లేచి, కాళ్లు కడుక్కొని వచ్చి అరుగు మీద కూర్చున్నాక చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, వరసగా, ఏదీ దాచకుండా చెప్పాను. అంతా అయ్యాక, "ఆయప్పకు పిల్లోళ్లు ఎంతమంది?" అన్నాడు. నాకు తెలియదన్నాను. వాళ్ల ఇంట్లో కూర్చొని మజ్జిగ తాగి వచ్చాను గానీ ఆ మాట అడగలేదు.

మర్నాడు తను నేసిన పంచెల జత ఒకటి సంచిలో పెట్టుకొని నాయిన హాలహర్వి పోయాడు. సాయంత్రం వచ్చాక అమ్మ అడిగితే, "తీసుకున్నాడు. కూచోమన్నాడు. కూచున్నా" అని మాత్రం చెప్పాడు. ఆయన నన్ను కోప్పడలేదు, మాట్లాడటం మానలేదు. ఆదివారాల్లో నేను ఇంటికి పోతే ఎప్పటిలాగే తిన్నావా, బస్సు దొరికిందా అని అడిగేవాడు. అయితే ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ, ఎవరి దగ్గరా, నా బిడ్డ చదువుకున్నది అని చెప్పగా నేను వినలేదు.